తవుడు బేరం

అనకాపల్లి, గవరపాలెం
12 ఆగస్టు 2024

దేముడమ్మ వదినకి,

తాతబ్బాయి నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. ధనరాజ్‌కి ఫోను చేసి చెప్పొచ్చు గానీ, నీకు ఫోనులో వినపడదు. వాడు విని నీ చెవిలో అరిచి చెప్పేలోగా సగం మాట మారిపోతుంది. అందుకే రాస్తున్నాను. నేను నేర్పిన అక్షరాలే కాబట్టి చదవగలవు.

విషయం మా తమ్ముడు తవుడు గురించి. వాడికి నలభై ఆరేళ్ళొచ్చాయి. ఇప్పటికీ నీళ్ళు తోడి పెట్టాలి, మూర్ఛ మాత్ర చేతికివ్వాలి, రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకోవాలి. నాకు కొట్లో ఆలస్యమైన రోజున ముందు వాటాలో అద్దెకుంటున్న ఆరోగ్యమేరి మాత్ర వేస్తుంది. ఆవిడ పెద్దాసుపత్రిలో నర్సు. రోజూ ఆవిడని ఇబ్బంది పెట్టలేం కదా. పెళ్ళాం పిల్లలు లేనివాణ్ణి నేను. నా తరవాత వాడికెవరు అన్న ప్రశ్న ఇన్నాళ్ళూ పక్కన పెట్టాను. ఇక పెట్టకూడదనుకుంటున్నాను.

మా బెల్లం కొట్టు వ్యవహారాలు చూసే ప్లీడరు చంద్రమౌళిగారిని కలిశాను. ఇల్లు వాడి పేర రాస్తే ఎవడో ఒకడు వేలిముద్ర వేయించుకుని పోతాడన్నారు. ఇంకొకరి పేర రాస్తే ఆ పైన వాళ్ళ దయేనన్నారు. ట్రస్టు పెట్టమన్నారు. ఇల్లూ, ముందు వాటా అద్దే, బ్యాంకులో నాకున్నదీ ట్రస్టు కిందికి వస్తాయి. వాడు బతికున్నంతకాలం వాడి తిండికీ మందులకీ తప్ప ఇంక దేనికీ ముట్టుకోకూడదు. ఆస్తిని చూసే ధర్మకర్తలు ఇద్దరుండాలి. వాళ్ళలో ఒకరిగా ఉండటానికి ఆయన ఒప్పుకున్నారు. రెండోవాడు ధనరాజ్ అయితే బాగుంటుందని నా ఆలోచన.

అది ఆస్తి సంగతి. మనిషిని చూసుకునేవాణ్ణి సంరక్షకుడంటారు. ఆ నియామకం కలెక్టరుగారి కింద ఉండే ఒక కమిటీ చేస్తుంది. ఇప్పటికి నా పేరు, నా తరవాత ధనరాజ్ పేరు రాయించాలనుకుంటున్నాను. నువ్వు వాడితో మాట్లాడి రాయి.

కాగితం రాస్తూ ప్లీడరుగారు, "మీ తమ్ముడి అసలు పేరేంటండీ?" అన్నారు. తవుడేనన్నాను. "గేదెలకి పెడతారు, ఆ తవుడా?" అన్నారు. అదేనని ఆధార్ కార్డు చూపించాను. ఆయనది ఈ ప్రాంతం కాదు. అంతకన్నా నేనేమీ చెప్పలేదు.

ఇక్కడ వానలు. కొట్లో కిందటేడు మిగిలిన బెల్లం దిమ్మలు చెమర్చి నీరు కారుతున్నాయి. తవుడు రోజూ నాతో వచ్చి మెట్టు మీద కూర్చుంటాడు కదా, అది చూసి ఏడుపు. తను ముట్టుకోబట్టే కరిగిపోయాయని వాడి భయం. మా యజమాని దేవీప్రసాద్‌గారు, "పాత సరుకురా, కరిగిపోద్ది. నువ్వేటి సేసేవు? నానేటి సేసేను?" అని ఒళ్ళు నిమిరితే అప్పుడు ఊరుకున్నాడు. ఆ రోజునుంచీ ఎక్కడ ఏం పాడైనా "పాత సరుకు, పాత సరుకు" అంటున్నాడు.

నిన్ను అడుగుతుంటాడు. "కొన్నమ్మ ఎప్పుడొత్తాది?" అని.

ఇట్లు,
తాతబ్బాయి

•

గొలుగొండ
25 ఆగస్టు

తాతబ్బాయికి,

దేముడమ్మ దీవెనలు. నీ ఉత్తరం కన్నా నీ రాత చూసి బెంగ పట్టుకుంది. నీ అక్షరాలు దిమ్మలు పేర్చినట్టు ఉండేవి. ఈసారి గీత మీద నిలబడకుండా కిందికి జారిపోతున్నాయి. ఒంట్లో ఏమైనా ఉందా? బాగానే ఉన్నామని రాస్తే సరిపోదు. చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడి మోచెయ్యి విరిగితే, మూడోనాటికి గానీ చెప్పని మనిషివి నువ్వు.

ఆ ప్లీడరుకి పేరు సంగతి చెప్పకపోయావా? చెప్పడానికి సిగ్గేముంది? మీ అమ్మకి నీ తరవాత పుట్టినవాళ్ళు ఒక్కరూ దక్కలేదు. వీడు పుట్టగానే చేటలో పడుకోబెట్టి, గుడ్డ కప్పి, అప్పట్లో మీ గోడ పక్కనే ఉన్న మా అత్తారి గుమ్మంలోకి తెచ్చింది. నేను మీ నాన్నకి మేనకోడల్నే అయినా ఆవేళ పరాయిదానితో మాట్లాడినట్టు మాట్లాడింది. "ఓలమ్మీ, ఈ గుంటడు నాకొద్దు, నువ్వు కొనీసుకో" అంది. బతికిన బిడ్డ ఒళ్ళో ఉన్న తల్లే కొనాలి కదా. నా ఒళ్ళో ధనరాజ్ ఉన్నాడు. నేను దోసిళ్ళతో తవుడు పోసి చేటతో సహా అందుకున్నాను. మీ అమ్మ వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. వెనక్కి చూస్తే బేరం చెల్లదట. గోడ అవతల ఆవిడ ఏడుస్తున్నది నాకు వినిపిస్తూనే ఉంది. అప్పట్లో నా చెవులు బాగా పనిచేసేవి.

ఆ రోజంతా ఒక పక్క ధనరాజ్, ఒక పక్క వీడు పాలు తాగారు. చావు వచ్చి వెతికినా ఆ ఇంటి బిడ్డ ఈ ఇంట్లో దొరకడని మన నమ్మకం. తవుడుకి కొన్నవాడు కాబట్టి తవుడన్నాం. బతికాడు. ఎలా బతికాడన్నది వేరే సంగతి, బతికాడు. పెళ్ళినాడు మీ అమ్మ చేటెడు తవుడూ కొత్త బట్టా ఇచ్చి తిరిగి కొనుక్కోవాలి. పెళ్ళీ లేదు, కొనుక్కోవడమూ లేదు. మా ఆయన ఉన్నన్నాళ్ళూ నవ్వేవాడు, "నీ సరుకు ఆల్లింట్లో ఉండిపోనాదే" అని. ఈ కథ చెప్పమని తవుడు నా కొంగు పట్టుకుని ఎన్నిసార్లు వేధించాడో! మీ అమ్మ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి నాకంటే ముందు వాడే అనేసేవాడు.

ధనరాజ్‌తో చెప్పాను. ఇది ఎరువుల అమ్మకాల కాలం, వాడు కొట్లోంచి కదలడానికి లేదు. తరవాత చూద్దామన్నాడు. కోడలు లావణ్య మీ ఇద్దర్నీ అడిగినట్టు రాయమంది.

తవుడుకి పూడిమడక ఎండుచేపలు ఎక్కువ పెట్టకు. దాహానికి నీళ్ళు తాగి పక్క తడుపుతాడు.

దేముడమ్మ

•

అనకాపల్లి
9 అక్టోబరు

వదినకి,

మొన్న కమిటీ వాళ్ళు పిలిచారు. తవుణ్ణి తీసుకుని వెళ్ళాను. తెల్ల చొక్కా వేశాను. బయట వరండాలో వచ్చిన జనం చెప్పులన్నీ చెల్లాచెదరుగా ఉంటే, వీడు కూర్చుని జతకి జత చేర్చి వరసలో పెట్టాడు. మన ఇంట్లో చేసే పనే. ఒకావిడ తన చెప్పులు కనపడక కేకలు వేస్తే, వీడే తెచ్చి ఆవిడ కాళ్ళ ముందు పెట్టాడు. అంతవరకూ బాగానే ఉంది.

లోపల బల్ల వెనక నలుగురున్నారు. ఒక చిన్న వయసు ఆఫీసరమ్మ నెమ్మదిగా, ప్రేమగానే అడిగింది.

"తవుడూ, నువ్వు ఎవరి దగ్గరుంటావు?"

"అన్న కాడ."

"అన్న బాగా చూస్తాడా?"

"తిడతాడు. ఈదిలో సెప్పులు సదిరితే తిడతాడు."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

"మరి అన్న ఊళ్ళో లేకపోతే ఎవరి దగ్గరుంటావు?"

"కొన్నమ్మ కాడ."

"కొన్నమ్మ ఎవరు? మీ అమ్మా?"

"కాదు. అమ్మ నన్ను అమ్మీసింది. కొన్నమ్మ కొనీసింది."

గదిలో నవ్వు ఆగిపోయింది. ఆవిడ పెన్ను పక్కన పెట్టి నా వైపు చూసింది. "ఏమండీ, ఇతన్ని అమ్మిన మాట నిజమేనా?"

నేను నిజమేనండీ అన్నాను.

"తరవాత తిరిగి తెచ్చుకున్నారా?"

లేదండీ అన్నాను.

అడిగినదానికి ఉన్నది చెప్పడం తప్ప నాకు ఇంకో పద్ధతి తెలియదు. బయటికి వచ్చాక చంద్రమౌళిగారు నుదురు కొట్టుకున్నారు. "మాది ఆచారం అని ఒక్క ముక్క ముందు అనకపోయారా?" అన్నారు. ముందు అనాలని తోచలేదు. తరవాత అన్నాను గానీ అప్పటికే రాసుకుంటున్నారు. వాళ్ళ తప్పేమీ లేదు. మనిషిని అమ్మారంటే ఎవరైనా రాసుకుంటారు. కొన్న మనిషి ఎవరో, ఏం హక్కు కోరుతుందో విచారణ చేసి ఆ పైన చూస్తామన్నారు. సంరక్షకుడెవరో తేలకుండా ట్రస్టు పెట్టి లాభం లేదని ప్లీడరుగారి మాట. డబ్బు ఎవరి చేతికివ్వాలో ఉండదు కదా.

దీనితో ఒక కాగితం పంపుతున్నాను. ఆయన రాసిచ్చారు. సదరు అమ్మకం ఉత్తుత్తిదనీ, పిల్లవాడి మీద నీకు ఏ హక్కూ ఏ బాధ్యతా లేవనీ అందులో ఉంది. కింద సంతకం పెట్టి పంపు. ధనరాజ్ ఏమన్నాడో కూడా రాయి. కాస్త తొందరగా కావాలి.

నేను కొట్టు మానేశాను. వయసైంది కదా అని దేవీప్రసాద్‌గారు కూడా సరేనన్నారు. రోజు లెక్క మాత్రం అలవాటు కొద్దీ ఇంట్లోనే రాసుకుంటున్నాను. రాయడానికి పెద్దగా ఏమీ ఉండటం లేదు.

తాతబ్బాయి

•

గొలుగొండ
21 అక్టోబరు

తాతబ్బాయికి,

నీ కాగితం తిరిగి పంపుతున్నాను. సంతకం పెట్టలేదు.

ఉత్తుత్తిదని ఎవరు చెప్పారు నీకు? మీ అమ్మ గోడ అవతల ఏడ్చింది ఉత్తుత్తికా? నేను పాలిచ్చింది ఉత్తుత్తికా? వాడికి మొదటిసారి మూర్ఛ వచ్చి కళ్ళు తేలేస్తే, చంకనేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది మీ అమ్మ కాదు, నేను. ఆవిడ గుమ్మంలో నిలబడి, "నీ పిల్లాడే, నువ్వే తీసుకెల్లు, నాను ముట్టుకోను" అంది. ముట్టుకుంటే తనదని చావుకి తెలిసిపోతుందని ఆవిడ భయం. ఆవిడ చనిపోయేదాకా వాణ్ణి నోరారా కొడుకా అని పిలవలేదు, నీకు తెలుసు. హక్కు లేదని రాయమంటే రాస్తాను. బాధ్యత లేదని నా చేత్తో ఎలా రాయను? ఆ అక్షరాలు నువ్వు నేర్పినవి.

ధనరాజ్ సంగతి దాచి లాభం లేదు. కిందటి ఉత్తరంలో తరవాత చూద్దామన్నాడని రాశాను. వాడు ఆ రోజే వేరే మాటన్నాడు. మారతాడేమోనని రాయలేదు.

"ట్రస్టంటే ఏటమ్మా? సాకిరీ మనది, లెక్కలు ప్లీడరుకి సూపించాలి. ఆ ఇల్లు నా పేర రాసీమను. అప్పుడు తవుడు సిన్నాన్నని నాను సూసుకుంటాను."

"నువ్వూ ఆడూ ఒక్క పాలు తాగేర్రా," అన్నాను.

"అయితే ఆ పాల బాకీ కూడా నానే తీర్సాలేటి?" అన్నాడు.

లావణ్య వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. ఆ అమ్మాయి చేతులు ఆగిపోవడం చూశాను. నాకు చెవులు పోయాయని అందరూ అనుకుంటారు గానీ, ఇటువంటి మాటలు పెదాల మీదే తెలిసిపోతాయి.

వాడి కొట్టుకి అప్పులున్నాయి. అందుకే ఇంటి మీద కన్ను. కన్నకొడుకు గురించి ఇంతకంటే రాయలేను.

దేముడమ్మ

•

అనకాపల్లి
14 నవంబరు

వదినకి,

నీ ఉత్తరం అందింది. ధనరాజ్‌ని ఏమీ అనకు. ఇల్లు వాడి పేర రాయను. అంతటితో ఆ సంగతి వదిలేద్దాం.

నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను. నా కడుపులో గడ్డ ఉంది. విశాఖపట్నంలో చూపించాను. కాలేయానికి కూడా పాకిందట. ఆగస్టు కన్నా ముందే తెలుసు. రాస్తే నువ్వు ఏడుస్తూ బస్సెక్కుతావని రాయలేదు. ఏడవకు. ఉన్న వ్యవధిలో వాడి ఏర్పాటు చూడాలి.

ఊరి బయట ఒక ఆశ్రమం ఉంది. తవుడులాంటివాళ్ళని ఉంచుకుంటారు. నడిపే ఎలియాజరుగారు మంచి మనిషి. ట్రస్టునుంచి నెలనెలా డబ్బు కట్టే ఏర్పాటు చేస్తే తీసుకుంటామన్నారు. తవుణ్ణి వెంటబెట్టుకుని చూడటానికి వెళ్ళాను. నేల శుభ్రంగా ఉంది. మంచాలు వరసగా ఉన్నాయి. అన్నం వేడిగా పెడుతున్నారు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. దొరికితే బాగుండునని వెతికిన మాట నిజం.

తవుడు అక్కడివాళ్ళ చెప్పులన్నీ సర్దాడు. సర్దడం అయ్యాక మా ఇద్దరి జతలూ అందులోంచి తీసి, దూరంగా గేటు దగ్గర పెట్టాడు. ముందు భాగం రోడ్డు వైపు ఉండేలా పెట్టాడు. పెట్టి వచ్చి నా చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. ఎలియాజరుగారు, "మొదట్లో అందరూ ఇంతేనండీ, పదిరోజులు పోతే మర్చిపోతారు," అన్నారు. ఆ మాట ధైర్యం కోసం అన్నారు. నాకు ధైర్యం రాలేదు. అయినా ఇంకో దారి లేదు. సంరక్షకుడిగా ఆయన్నే రాయమంటాను.

దానికి ముందు నీ కాగితం కావాలి. నీ మాట న్యాయంగానే ఉంది. ఉత్తుత్తిదని రాయమనడం తప్పు. అందుకని అమ్మ చేయవలసింది నేనే చేస్తున్నాను. మా కొట్టు సరుకు తోలే ఎర్రయ్య రేపు నర్సీపట్నం మీదుగా తన వ్యానులో ఆ వైపు వస్తున్నాడు. అతనికి ఒక సంచి ఇచ్చాను. అందులో చేటెడు తవుడూ ఒక కొత్త చీరా ఉన్నాయి. అవి తీసుకుని, బిడ్డని తిరిగి ఇచ్చేశానని రాసి సంతకం పెట్టు. అది నిజమే అవుతుంది కాబట్టి నీ చెయ్యి అడ్డుపడదు.

పెళ్ళి జరగలేదని అనకు. ఇదే అనుకో.

తాతబ్బాయి

•

గొలుగొండ
19 నవంబరు

తాతబ్బాయికి,

సంచి అందింది. చీర రంగు బాగుంది. ముసలిదాన్ని, ఆ ఎరుపు నేనెక్కడ కట్టను? ఆడవాళ్ళ బట్టలు కొనడం నీకెప్పుడు వచ్చింది గనక!

ఏడవకు అని రాశావు. ఏడ్చాను. అయిపోయింది.

బేరం ఒప్పుకోను. సరుకు ఎవరిదో వాళ్ళకి ఇష్టమైతేనే అమ్మకం, నీ కొట్లో అంతే కదా. నేను అమ్మను. ఆశ్రమం మంచిదే కావచ్చు. గేటు దగ్గర పెట్టిన చెప్పులు నాకు ఇక్కడికి కనపడుతున్నాయి.

వచ్చే సోమవారం బస్సెక్కుతున్నాను. ఆ సంచి కూడా తెస్తున్నాను, నీ తవుడు నాకు అక్కర్లేదు. ధనరాజ్‌కి చెప్పాను. "ఎల్తే అక్కడే ఉండిపో," అన్నాడు. కోపంలో అన్నాడో, మామూలుగానే అన్నాడో తెలియలేదు. సగం మొహం నేల వైపు తిప్పుకుని అన్నాడు. ఉండిపోతానన్నాను. లావణ్య నా మందులూ బట్టలూ మడిచి పెట్టింది. బస్సు దాకా తనే వస్తానంది.

నన్ను ఆ కమిటీ ముందు నిలబెట్టు. మిగతాది నేను చూసుకుంటాను.

దేముడమ్మ

•

అనకాపల్లి, గవరపాలెం
20 డిసెంబరు

తాతబ్బాయికి, విశాఖపట్నం ఆసుపత్రి

ఇన్నాళ్ళూ ఈ ఊరి పేరు నువ్వు పైన రాసేవాడివి. ఇప్పుడు నేను రాస్తున్నాను. నువ్వు అక్కడ, నేను నీ ఇంట్లో. దేవీప్రసాద్‌గారు రేపు నిన్ను చూడటానికి వస్తున్నారు, ఆయన చేతికి ఇస్తున్నాను.

నిన్న కమిటీకి వెళ్ళాం. నిన్ను ఆసుపత్రిలో చేర్చిన కాగితం ప్లీడరు చూపించారు. వాళ్ళ ప్రశ్నలు నాకు వినపడవని, పక్కన నిలబడి మళ్ళీ చెప్పడానికి ఆరోగ్యమేరి సెలవు పెట్టి వచ్చింది. ఆ ఆఫీసరమ్మ, "ఈ అబ్బాయిని మీరు కొన్నారా?" అని అడిగిందట.

"కొన్నాను తల్లీ," అన్నాను. ప్లీడరుగారు తల పట్టుకున్నారు. "తవుడు పోసి కొన్నాను. తిరిగి ఇవ్వలేదు. ఈడు నా పిల్లాడు. అన్నకి బాగోలేదు, ఆడు సూడలేడు. నా పిల్లాణ్ణి నాకు ఒప్పసెప్పండి, అందుకే ఒచ్చేను."

అంతా చెప్పాను, చేట, గోడ, ఏడుపు. ఎందుకు అమ్ముతారో చెప్పాను. వాళ్ళలో ఒక పెద్దాయన మధ్యలో లేచి, "మా పెదనాన్న పేరు కూడా తవుడేనండీ," అన్నాడట. కిందటిసారి ఆయన రాలేదట. ఆ ఒక్క మాటతో గది మెత్తబడింది.

తరవాత ఆఫీసరమ్మ నా వయసు అడిగింది. అరవై ఎనిమిది. "మీ తరవాత ఎవరమ్మా?" అంది. ధనరాజ్ పేరు నోటిదాకా వచ్చింది. మింగేశాను. తవుడు నా చీర కుచ్చిళ్ళు సర్దుతున్నాడు.

ఆరోగ్యమేరి పెదాలు కదిలాయి. ప్రశ్నని మళ్ళీ చెబుతోందనుకున్నాను. కాదట. "నా పేరు రాసుకోండి," అందట.

బయటికొచ్చాక, "ఈ మాట తాతబ్బాయికి ముందే చెప్పకపోయావా?" అని నిలదీశాను.

"అన్నయ్యగారు నన్నెప్పుడూ అడగలేదు పెద్దమ్మా. మాత్ర వెయ్యమన్నారు, వేశాను. అడగనిది నానేటి సెప్తాను? సుట్టాలున్నోరు కదాని ఊరుకున్నాను," అంది.

నీ నోరు కట్టేసుకోవడం ఎంత పని చేసిందో చూడు.

అయితే ఆవిడది బదిలీల ఉద్యోగం. ఇక్కడ ఉన్నన్నాళ్ళూ అంది. ఎన్నాళ్ళో ఆవిడకీ తెలియదు. ప్లీడరుగారు సంరక్షకులుగా నా పేరు, తరవాత ఆవిడ పేరు రాయించారు. రెండో ధర్మకర్తగా దేవీప్రసాద్‌గారు ఒప్పుకున్నారు. ట్రస్టు కాగితాలు పట్టుకుని రిజిస్ట్రారు ఆఫీసు మనిషితో వాళ్ళు నీ మంచం దగ్గరికే వస్తారట. సంతకం నిలబడేలా పెట్టు, జారనివ్వకు.

ఇప్పుడు అసలు సంగతి. రాయనా వద్దా అని కలం కింద పెట్టాను, మళ్ళీ తీశాను.

నువ్వు పంపిన తవుడు సంచి తిరిగి తెచ్చి వంటింటి మూల పెట్టాను కదా. నిన్న కమిటీ నుంచి వచ్చాక తవుడు అడిగాడు. "అన్నకి ఏటైంది?" అన్నాడు. ఒంట్లో బాగోలేదన్నాను. "మన ముందోల్లు సచ్చిపోయినట్టు సచ్చిపోతాడా?" అన్నాడు. వాడి కంటే ముందు పుట్టి పోయినవాళ్ళ గురించి అంటున్నాడు.

లోపలికి వెళ్ళి చేట తెచ్చాడు. గుమ్మం పక్కన నువ్వు వదిలి వెళ్ళిన చెప్పులు తీసి, తుడిచి, అందులో పెట్టి, పైన నీ తువ్వాలు కప్పాడు. "చేటలో సెప్పులేటిరా!" అని కేకేశాను. వాడు వినిపించుకోకుండా వీధి గుమ్మంలోకి వెళ్ళి, చేట రెండు చేతులతో పట్టుకుని, నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. పరాయివాడిలా నిలబడ్డాడు.

"ఓలమ్మీ, ఈ అన్న నాకొద్దు. నువ్వు కొనీసుకో."

మీ అమ్మ మాట అది. ఒక్క అక్షరం పోకుండా.

వంటింట్లోకి వెళ్ళి సంచి విప్పాను. దోసిళ్ళతో పోయబోతే, "సాలు, సాలు," అని ఒక్క చారెడు పట్టుకున్నాడు. ఎక్కువ తీసుకుంటే నాకు తిండికి తగ్గుతుందనుకున్నాడో ఏమో. చేట నా చేతిలో పెట్టి గిర్రున తిరిగి వెళ్ళిపోయాడు. వెనక్కి చూడలేదు. పెరట్లో గోడకి మొహం పెట్టి నిలబడ్డాడు. ఈసారి ఏడుపు నాకు వినపడలేదు, వీపు కదలడం కనపడింది.

అప్పటినుంచీ నీ మంచం వైపు వెళ్ళడు. నీ గురించి అడగడు. నీ పేరు వస్తే మొహం తిప్పుకుంటాడు. ముట్టుకుంటే, పిలిస్తే, తనవాడివని తెలిసిపోతుంది కదా. నీ చెప్పులు ఇప్పుడు నా చెప్పుల పక్కన ఉన్నాయి. వాడే పెట్టాడు.

అందుకని వాణ్ణి చూడాలని ఉందని రాయకు. నేను తీసుకురాలేను. తెచ్చినా నీ వైపు చూడడు.

దేముడమ్మ

•

విశాఖపట్నం
డిసెంబరు

వదినకి,

సంతకాలు అయ్యాయి. మూడు చోట్ల పెట్టాను. రెండు నిలబడ్డాయి, ఒకటి జారింది. చెల్లుతుందన్నారు.

ఆపరేషను చేయలేమని డాక్టర్లు చెప్పేశారు. ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నేనే వద్దన్నాను. ఇంటికొస్తే వాడి బేరం పాడవుతుంది. ఇక్కడే ఉంటాను. వాణ్ణి తీసుకురావద్దు.

ఆరోగ్యమేరికి నా నమస్కారం చెప్పు. అడగవలసిందని ఇప్పుడు తెలిసింది.

చెయ్యి నిలవడం లేదు కాబట్టి ఇక రాయకపోవచ్చు. ఒక్క సంగతి. నువ్వు నన్ను కొన్నదానివి, నీకే చెప్పాలి. నేను పోయాక వాడు చారెడే తీసుకున్నానని తన మీద వేసుకుంటాడు. ఇంకాస్త తీసుకోవలసిందని కూర్చుంటాడు. వేసుకోనివ్వకు. బేరం సరిగ్గానే జరిగిందని చెప్పు. తూకంలో తేడా లేదని చెప్పు. సరుకు పాతదని చెప్పు.

కొట్లో చూశాడు కదా. ఆ మాట వాడికి తెలుసు.

తాతబ్బాయి